విద్యకు ఇల్లు పునాది, ఊరు గొడుగు



బడులు తెరిచే జూన్ మాసంలో ఆలయానికి పిల్లలతో వచ్చే తల్లిదండ్రుల సంఖ్య పెరుగుతుంది. కొత్త పుస్తకాలు స్వామి పాదాల చెంత ఉంచి, గోత్రనామాలు చెప్పి అర్చన చేయిస్తారు. పరీక్షల కాలంలో హాల్ టికెట్లు, కలాలు తెచ్చి పూజలో పెట్టిస్తారు. "మా వాడికి చదువు అబ్బేటట్లు చూడు స్వామీ" అని వేడుకొంటారు. ఆ ప్రార్థనలో దోషమేమీ లేదు. కాని ముప్పది సంవత్సరాలకు పైగా తెలుగు పండితునిగా సముద్రతీరపు పల్లెల పిల్లలకు పాఠాలు చెప్పినవాడను కాబట్టి నాకు అనుభవంలో తెలిసిన విషయమొకటి విన్నవించుకొంటాను. ఒకే తరగతిలో, ఒకే గురువు వద్ద, ఒకే పుస్తకం చదివిన పిల్లలలో ఒకడు ముందుకు సాగడానికి, మరొకడు మధ్యలో ఆగిపోవడానికి కారణం చాలా పర్యాయాలు వాని బుద్ధిలో ఉండదు. సాయంత్రం వాడు ఎటువంటి ఇంటికి తిరిగి వెళుతున్నాడు, ఎటువంటి వాడలో పెరుగుతున్నాడు అనే దానిలో ఉంటుంది. ఈ మాసం ఆ విషయమే విచారిద్దాము.

శాస్త్రదృష్టి

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో, అధ్యయనం ముగించి గృహానికి బయలుదేరే శిష్యునికి ఆచార్యుడు చేసిన ఉపదేశం ఉన్నది. తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవాలుగా భావింపుమని అందులో చెబుతాడు. ఆ వరుసను గమనించండి. ఉపదేశిస్తున్నవాడు ఆచార్యుడే అయినా తన స్థానాన్ని మూడవదిగా చెప్పుకొన్నాడు. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి జనక మహారాజుతో సంభాషిస్తూ, తల్లి వద్ద, తండ్రి వద్ద, ఆచార్యుని వద్ద శిక్షణ పొందినవాడు పలుకదగిన మాట ఇది అని పలుమార్లు అంటాడు. అక్కడా అదే వరుస. బిడ్డ బడిలో అడుగు పెట్టేనాటికే రెండు బడులు దాటి వస్తాడని మన పెద్దలు ఎరుగుదురు.

మంచి ఇల్లు అంటే ధనమున్న ఇల్లని అర్థం చేసుకోరాదు. ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముని కథ ఇందుకు నిదర్శనం. ఆ బాలుడు గురుకులానికి పోదలచి తన గోత్రమేమని తల్లి జబాలను అడిగాడు. ఆమె ఏమీ దాచలేదు. యౌవనంలో అనేక గృహాలలో పరిచర్య చేస్తూ ఉన్నప్పుడు నిన్ను కన్నాను, నీ గోత్రమేదో నేనెరుగను, నా పేరు జబాల గనుక నీవు సత్యకామ జాబాలుడవని చెప్పుకొమ్మన్నది. ఆ బాలుడు హారిద్రుమత గౌతముని ఎదుట నిలిచి తల్లి చెప్పిన మాటను అక్షరం తప్పకుండా అప్పగించాడు. సత్యం నుండి తొలగలేదు గనుక నీవు విద్యకు అర్హుడవని గౌతముడు అతనిని చేర్చుకొన్నాడు. తరువాత బక్కచిక్కిన 400 ఆవులను అప్పగిస్తే, అవి వేయి అయ్యేవరకు తిరిగిరానని సత్యకాముడు అడవికి పోయాడు. అక్కడ వృషభము, అగ్ని, హంస, నీటికాకి అతనికి బ్రహ్మతత్త్వాన్ని ఒక్కొక్క పాదంగా ఉపదేశించాయి. తిరిగి వచ్చిన పిమ్మట కూడా, ఆచార్యుని నోట విన్న విద్యయే సాఫల్యం పొందుతుందని గురువునే ఆశ్రయించాడు.

ఇందులో ఇల్లు, పరిసరం, గురువు ముగ్గురూ ఉన్నారు. పరిచారికగా బ్రతికిన తల్లి సత్యమనే ఆస్తిని ఇచ్చింది. అడవి తన వంతు నేర్పింది. గురువు తలుపు తెరిచాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా సత్యకాముడు ఋషి అయ్యేవాడు కాడు.

విజయనగరం పెట్టిన వారాన్నం

తండ్రి గతించి, ఇల్లు చెదరిపోయిన పిల్లవాని గతి ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం మన భోగాపురానికి పొరుగున ఉన్న విజయనగర చరిత్రలోనే లభిస్తుంది. పూసపాటి ప్రభువులు 1857లో అక్కడ పాఠశాల నెలకొల్పారు. అదే 1879లో కళాశాల అయినది. 1860లో సంస్కృత పాఠశాల, 1919లో సంగీత పాఠశాల వెలశాయి. దూరప్రాంతాల నుండి పేద విద్యార్థులు అక్కడికి నడచి వచ్చేవారు. భవనాలు ప్రభువులు కట్టించారు సరే, ఆ పిల్లల కడుపులు నింపినది మాత్రం ఊరు. ఆ పద్ధతికే వారాలు చేసుకోవడమని పేరు. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరొక ఇంట, ఈ విధంగా ఏడు రోజులకు ఏడు ఇళ్ళు కుదుర్చుకొని భోజనం చేస్తూ చదువుకొనేవారు. వారం కుదరని వారు జోలె పట్టి ఇంటింటా మాధుకరం చేసుకొనేవారు.

1862లో జన్మించిన గురజాడ అప్పారావుగారు చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి, చీపురుపల్లి నుండి విజయనగరం చేరారు. వారాలు చేసుకొంటూ చదివారు. కళాశాల ప్రధానాధ్యాపకులైన చంద్రశేఖరశాస్త్రిగారు ఆయనను చేరదీసి భోజనవసతులు కల్పించారు. అదే పాఠశాలలో ఆయనకు సహాధ్యాయి గిడుగు రామమూర్తిగారు. ఆయన 1863లో శ్రీముఖలింగం సమీపాన జన్మించారు. ఆయన తండ్రిగారు 1875లో గతించారు. బంధువుల ఆదరణలో ఆయన చదువు సాగింది. తండ్రి లేని ఇద్దరు బాలురు ఒకే బడిలో చదివి, తెలుగు భాష నడకనే మార్చినవారైనారు.

తరువాతి తరంలో కృష్ణా జిల్లా నుండి సంగీతం కోసం వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారిదీ అదే కథ. తండ్రి సూరయ్యగారు తరంగాలు పాడేవారు, మృదంగం వాయించేవారు. ఆ ఇంటిలోనే బిడ్డకు నాదం అబ్బినది. తండ్రి పోయిన తరువాత ఆ విత్తనానికి నీరు పోసినది విజయనగరం. ఆ వీధులలో ఆయన మాధుకరం చేసుకొన్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు తాము సంపన్నులు కాకపోయినా ఆయనను ఇంట ఉంచుకొని విద్య నేర్పారు. నేడు మన ఆలయాలలో ప్రాతఃకాలాన వినిపించే ఆ కంఠం వెనుక ఎందరు గృహిణులు పెట్టిన ముద్ద అన్నం ఉన్నదో ఆలోచించండి.

నేను విజయనగరంలో సంస్కృతం చదువుకొన్న 1960వ దశకానికి వారాల ఆచారం సన్నగిల్లినది గాని పూర్తిగా పోలేదు. నాకు నాలుగు ఇళ్ళు దొరికాయి. మిగిలిన మూడు రోజులు సత్రంలో గడిచేవి. గురువారం నాటి ఇల్లు ఒక వృద్ధురాలిది. విస్తరి వేసి, అన్నం వడ్డించి, ఎదుట పీట వేసుకొని కూర్చుని, "ఈ వారం ఏం చదివావురా నాయనా?" అని అడిగేవారు. నేను శ్లోకాలు అప్పగించేవాడిని. ఆవిడకు సంస్కృతం రాదు, చదవడం వ్రాయడం కూడా రాదు. అయినా తడబడితే గొంతును బట్టి పట్టుకొనేవారు. "అక్కడ సందేహించావు. వచ్చే గురువారానికి సరిచేసుకొని రా" అనేవారు. బుధవారం రాత్రి నేను మేలుకొని వల్లె వేసినది పాఠశాల పరీక్ష కోసం కాదు, ఆవిడ ప్రశ్న కోసం. సత్రంలో కడుపు నిండేది, కాని ఆ ప్రశ్న అడిగేవారు లేరు. ఆ తేడా నాకు అప్పుడు తెలియలేదు. నేను ఉపాధ్యాయుడనైన తరువాత తెలిసినది.

వారం దొరకని పిల్లలు

ఇంతవరకు చెప్పినది మనకు గర్వకారణం. ఇకపై చెప్పబోయేది చెప్పకపోతే మాత్రం ఈ వ్యాసం అసత్యమవుతుంది. ఆ వారాలు దొరికినది చాలావరకు నా వంటి కులంలో పుట్టిన బాలురకు మాత్రమే. తెప్ప మీద బ్రతికేవాని కొడుకును, పొలంలో కూలి చేసేవాని కొడుకును పీట వేసి కూర్చోబెట్టి ఏం చదివావని అడిగిన ఇళ్ళు అరుదు. ఆడపిల్లకు అసలు ఆ దారే లేదు. ఊరు గొడుగు పట్టినది నిజమే, ఆ గొడుగు క్రిందికి అందరినీ రానివ్వలేదన్నదీ నిజమే.

దీనిని నేను గ్రంథాలలో చదివి తెలుసుకోలేదు. నా తప్పు ద్వారా తెలుసుకొన్నాను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, తీరానికి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతికి పద్యం చెబుతున్నాను. వెనుక వరుసలో ఒక బాలుడు కూర్చున్నచోటే నిద్రపోతున్నాడు. అంతకుముందు కూడా రెండు మూడు పర్యాయాలు వానిని అలా చూచాను. లేపి నిలబెట్టాను. పద్యం అప్పగించమన్నాను. వాడు పలుకలేదు. "నీకు చదువెందుకురా, పోయి వల లాగుకో" అన్నాను. తరగతి నవ్వింది. మరునాటి నుండి వాడు రాలేదు.

పది రోజులు గడిచిన తరువాత మనస్సు కుదుటపడక వాళ్ళ పల్లెకు వెళ్ళాను. సరుగుడు తోటలు దాటితే ఇసుకదిబ్బ మీద ఇల్లు. తల్లి చేపలు ఆరబెడుతున్నది. నన్ను చూచి చెంగుతో చేతులు తుడుచుకొని, "కూకోండి పంతులుగారూ" అని మంచం వాల్చింది. విషయం అడిగాను. "ఆడి నాన్న గుజరాతు ఎల్లి ఏడు నెలలయినాది బాబూ. తెల్లారగట్ట మూడు గంటలకే ఈడు వల కాడికి ఎల్తాడు. ఆడు తెచ్చిందే మాకు తిండి. అలాగే బడికి పరిగెట్టీవోడు. మాకు సదువు రాదు, ఆడే సదువుకుంటాడనుకున్నాం" అన్నది. నన్ను నిందించలేదు. నేనన్న మాట ఆమెకు తెలిసి ఉంటుందో లేదో నాకు తెలియదు.

ఆ బాలుడు తిరిగి బడికి రాలేదు. నేను మరి రెండు పర్యాయాలు వెళ్ళాను. వాడు నమస్కరించి వల సర్దుకొంటూ ఉండిపోయాడు. మూడు గంటలకు లేచి సముద్రంతో పెనుగులాడి, తొమ్మిదింటికి బడిలో కూర్చున్న ఆ బాలునికి ఉన్న శ్రద్ధ, వారాన్నం తిని చదువుకొన్న నాకు ఆ వయస్సులో ఉన్నదా అని నేటికీ నన్ను నేను ప్రశ్నించుకొంటూ ఉంటాను. ఆ ఇంటిలో శ్రద్ధకు కొరత లేదు. ఆ ఇంటికి ఊరి తోడు లేదు. తోడు నిలువవలసిన ఊరి పక్షాన అక్కడ ఉన్నవాడను నేనే.

అప్పటి నుండి ఒక నియమం పెట్టుకొన్నాను. పాఠం రాని పిల్లవానిని మందలించే ముందు మూడు ప్రశ్నలు అడిగేవాడిని. రాత్రి ఏమి తిన్నావు? ఎన్ని గంటలు నిద్రపోయావు? ఇంటిలో నీతో ఎవరున్నారు? ఆ సమాధానాలు విన్న తరువాత దండించవలసిన పిల్లవాడు నాకు ఎన్నడో గాని కనబడలేదు.

ఇంటి మాట, బడి మాట

ఇక్కడ గిడుగు రామమూర్తిగారిని మరల తలచుకోవాలి. వారి వ్యావహారిక భాషావాదాన్ని మా గురువుల తరం పండితులు చాలామంది అంగీకరించలేదు. నేనూ గ్రంథభాష మీద మమకారం కలవాడినే. అయితే పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా ఉంటూ వారు చేసిన ఒక పనికి ఏ పక్షపు పండితుడైనా తలవంచవలసినదే. కొండలలోని సవర పిల్లలు బడికి వస్తే అక్కడ వినిపించే భాష వారి ఇంటి భాష కాదు. తల్లి నోట విన్న ఒక్క మాట కూడా బడిలో వినబడని పిల్లవాడు ఎట్లా నేర్చుకొంటాడు? రామమూర్తిగారు సవర భాష తెలిసినవానిని తమ ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చుకొన్నారు. సవర భాషలో వాచకాలు వ్రాశారు, సొంత ఖర్చుతో వారికి బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువరించారు. పిల్లవాని ఇంటిని బడి గౌరవిస్తే ఆ పిల్లవాడు బడిని తన ఇల్లుగా భావిస్తాడని ఆ మహనీయుడు ఆచరించి చూపారు. నా తరగతిలో ఆ మత్స్యకార బాలుని వృత్తిని పరిహాసానికి వాడుకొన్న నేను అందుకు విరుద్ధంగా నడిచాను.

నేటి మన తీరం

నేటి పరిస్థితి కొంత మెరుగుపడినది. మధ్యాహ్నం బడిలోనే భోజనం పెడుతున్నారు. మన రాష్ట్రంలో ఆ పథకానికి గోదావరి సీమలోని మహా అన్నదాత్రి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టడం సముచితంగా ఉన్నది. అయినా ఇంటి సమస్యలు కొత్త రూపాలలో వచ్చాయి. ముక్కాం, చేపలకంచేరు వంటి పల్లెలున్న ఈ తీరం నుండి నేటికీ మగవారు వేటకు పశ్చిమ తీరం దాకా వలస పోతున్నారు. 2018 నవంబరులో గుజరాతు నుండి వేటకు వెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ చెరలో పడి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఆ పదునాలుగు నెలలు వారి పిల్లలు ఏ మనస్సుతో బడిలో కూర్చున్నారో ఊహించండి. వలస వెళ్ళిన ఇళ్ళలో అవ్వ తాతలే పిల్లలకు దిక్కు. చంటివారిని ఎత్తుకొనేందుకు పెద్ద ఆడపిల్ల బడి మానుతుంది.

మన భోగాపురం దగ్గర విమానాశ్రయ నిర్మాణం కోసం కొన్ని పల్లెలవారు పుట్టిన ఊళ్ళు విడిచి పునరావాస కాలనీలకు తరలిపోయారు. కొత్త ఇల్లు గట్టిదే కావచ్చును. కాని పిల్లవాడు ఆకలైనప్పుడు చొరవగా వెళ్ళే పిన్ని ఇల్లు, లెక్క రానప్పుడు అడిగే పక్కింటి అన్న, చీకటి పడితే కేకవేసే రచ్చబండ మీది తాత, వీరంతా ఆ పాత ఊరిలో వాని చదువులో భాగమే. ఊరు మారినప్పుడు ఆ బంధాలను కూడా నాటుకోవలసి ఉంటుంది. ఇక కలిగిన ఇళ్ళలో మరొక విధమైన లోటు. తండ్రి చేతిలో ఒక ఫోను, తల్లి ఎదుట టీవీ, పిల్లవానికి ఖరీదైన ట్యూషను. ఏం చదివావని అడిగేవారు మాత్రం ఆ ఇంట లేరు.

ఇది మన దేశంలో మాత్రమే ఉన్న విషయం కాదు. 1966లో అమెరికాలో జేమ్స్ కోల్మన్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం సుమారు 6 లక్షల మంది విద్యార్థులను పరిశీలించి ఒక నివేదిక ఇచ్చినది. పిల్లల చదువులలోని తేడాలకు బడి భవనాలు, పరికరాల కన్న వారి కుటుంబ పరిస్థితులతోనే ఎక్కువ సంబంధం ఉన్నదనీ, తోటి విద్యార్థులు ఎటువంటి ఇళ్ళ నుండి వచ్చారన్నది కూడా ముఖ్యమేననీ అందులో తేలినది. దీనిని బట్టి బడి వ్యర్థమని అనుకోరాదు. పక్కింటి పిల్లవాని చదువు బాగుపడితే మన పిల్లవాని చదువూ బాగుపడుతుందని గ్రహించాలి.

మనం చేయదగినది

తల్లిదండ్రులకు మొదట ఒక మాట. మీకు చదువు రాకపోయినా బాధ లేదు. గురువారం నాటి ఆ వృద్ధురాలిని తలచుకోండి. ప్రతి సాయంత్రం ఒక గంట టీవీ, ఫోను పక్కన పెట్టి, దీపం దగ్గర పిల్లవానిని కూర్చోబెట్టి, ఈ రోజు ఏమి నేర్చుకొన్నావని అడిగి, వాడు చెప్పినది చివరి దాకా వినండి. ఫిర్యాదు వచ్చినప్పుడు మాత్రమే గాక, నెలకొకసారి మీ అంతట మీరే బడికి వెళ్ళి గురువుగారిని పలుకరించండి. ఇంటి పని ఎంత ఉన్నా బడి వేళలో ఆడపిల్లను ఆపకండి. పిల్లల ఎదుట వారి గురువును గాని, గురువు ఎదుట పిల్లలను గాని కించపరచకండి.

ఇక దాతలకు ఒక విన్నపం. ఆలయంలో అన్నదానం చేసే మీరు వారాన్నం పెట్టిన గృహస్థుల వారసులు. మధ్యాహ్నపు అన్నం నేడు బడిలో దొరుకుతున్నది. సాయంత్రం ఆరు నుండి ఎనిమిది గంటల వరకు చాలామంది పిల్లలకు కూర్చొని చదువుకొనే చోటు లేదు, దీపం లేదు, అడిగే మనిషి లేడు. మన పల్లెలలో ఆలయ మండపాలు ఆ సమయంలో చాలావరకు ఖాళీగానే ఉంటాయి. సాయం హారతి అనంతరం ఆ మండపంలో నాలుగు దీపాలు, కొన్ని చాపలు, గుప్పెడు శనగలు, విశ్రాంత ఉద్యోగి ఒకరు ఉంటే చాలును. ఆ కూర్చున్నవారు పాఠాలు చెప్పగలవారే కానక్కరలేదు, వినగలవారైతే చాలు. కొత్త కాలనీలలో ఆలయం లేకపోతే ఏ రామమందిరపు అరుగైనా సరిపోతుంది. పుట్టినరోజుకు, పెద్దల తిథికి ఒక పూట అన్నదానానికి ఇచ్చే మీరు, ఒక పిల్లవానికి ఒక సంవత్సరం ఆ చోటు కల్పించే ద్రవ్యాన్ని కూడా సంకల్పించండి.

అక్కడికి వచ్చిన పిల్లవానిని ఏ ఇంటివాడవని అడగవద్దు. గౌతమ మహర్షి సత్యకామునికి గోత్రం అడ్డు పెట్టలేదు. నా వయస్సు డెబ్బది దాటినది. కన్ను మందగించినా చెవి పనిచేస్తున్నది. మా వీధిలోని రామమందిరంలో సాయంత్రాలు నేను కూర్చొంటున్నాను. ఇప్పటికి పదకొండు మంది పిల్లలు వస్తున్నారు. వారిలో నలుగురు మత్స్యకారుల బిడ్డలు. నిన్న ఒక బాలుడు పద్యం అప్పగిస్తూ మధ్యలో కునికాడు. లేపలేదు. వాడు లేచిన తరువాత మిగిలిన పాదాలు విన్నాను.

స్వస్తి.